వాల్యూమ్ చాలట్లేదా? లిమిట్ తీసేయాలా, ఇయర్‌ఫోన్ మార్చాలా, పాటనే సరిచేయాలా

తిరుపతిలో బస్సెక్కి చిత్తూరు వెళ్లే దారిలో పాటలు వినేవాళ్లని కాస్త గమనించండి. చంద్రగిరి దాటేలోపే వాల్యూమ్ చివరిదాకా వెళ్లిపోతుంది. 'ఇంకా పెంచితే వినికిడి దెబ్బతినొచ్చు' అని స్క్రీన్ మీద ఒక హెచ్చరిక వస్తుంది. దాన్ని చదవకుండానే సరే అని నొక్కేస్తారు. అయినా గొంతు ఇంజన్ మోతలో కలిసిపోతూనే ఉంటుంది. ఇంటికొచ్చాక 'అన్నా, దీని లిమిట్ తీసేసే దారి ఏదన్నా ఉందా' అని అడుగుతారు.

దారులు నాలుగైదు ఉన్నాయి. కాకపోతే ఇలా అడిగేవాళ్లలో చాలామందికి అడ్డం పడుతున్నది లిమిట్ కాదు. ఒకరికి ఇయర్‌ఫోన్ చెవిలో సరిగ్గా కూర్చోదు. ఇంకొకరు వినేవి యాభై ఏళ్ల నాటి రికార్డింగులు, అవి పుట్టుకతోనే మెల్లగా ఉంటాయి. మూడోవాళ్లకి లండన్‌లో ఉన్న అల్లుడు తెచ్చిచ్చిన ప్లేయర్, దానికి నిజంగానే తాళం ఉంటుంది. అందరికీ ఒకే మందు రాయడం కుదరదు. నా పక్షం మాత్రం ముందే చెప్పేస్తాను: లిమిట్ తీయడం అన్నిటికన్నా ఆఖరున చేయాల్సిన పని.

ముందు తేడా ఎక్కడుందో తేల్చుకోండి

రాత్రి వీధి సద్దుమణిగాక, ఫ్యాను ఆపి, మీకు బాగా తెలిసిన పాట ఒకటి పెట్టండి. సగం వాల్యూమ్‌కే నిండుగా వినిపిస్తే మీ ప్లేయర్‌కి ఏ రోగమూ లేదు. పగలు మిమ్మల్ని ఏడిపిస్తున్నది బయటి మోత. నిశ్శబ్దంలో కూడా చాలకపోతే అదే ఇయర్‌ఫోన్‌ని ఇంకో ఫోన్‌కి పెట్టి చూడండి. అక్కడా అంతేనా? అయితే ఇయర్‌ఫోన్ సంగతి చూడాలి. అక్కడ బాగుంటే మీ ప్లేయర్‌లోనో, ఫోన్‌కీ ఇయర్‌ఫోన్‌కీ మధ్య తగిలించే చిన్న తీగముక్క, అదే డాంగిల్‌లోనో లిమిట్ ఉంది. కొన్ని పాటలకే తక్కువగా ఉండి మిగతావి బాగుంటే తప్పు ఫైలుది.

ఒక చెవిలోనే తగ్గిందంటే మాత్రం సెట్టింగుల జోలికి పోకండి. రబ్బరు మూత ఊడదీసి, గొట్టం చివరనున్న సన్నటి జాలీని వెలుతురుకి పెట్టి చూడండి. పసుపుపచ్చగా మైనంలాంటిది పేరుకుని ఉంటే అది మన చెవి గుబిలే. జాలీ నేల వైపు ఉండేట్టు ఇయర్‌ఫోన్‌ని తలకిందులుగా పట్టుకుని, పొడి టూత్‌బ్రష్‌తో మెల్లగా తోమితే రాలిపోతుంది. పైకి పట్టుకుని తోమితే అది లోపలికే దిగుతుంది. పిన్నీసుతో పొడవద్దు, నీళ్లు తగలనివ్వద్దు. అలాగే ఫోన్ రంధ్రంలో జేబులోని నూలుపోగులు అణిగిపోయి పిన్ను పూర్తిగా దిగకపోవడం కూడా మామూలే. పుల్లతో ఆ నూలు తీసేయగానే సౌండ్ తిరిగొచ్చిన సందర్భాలు ఎన్నో. చిత్తూరు ఎండల్లో చెమటతో ఇయర్‌ఫోన్లు వాడేవాళ్లు వీటిని అప్పుడప్పుడూ చూసుకోవడం మంచిది.

ఈ లిమిట్ ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు

దీని మూలం యూరప్. చేతిలో పట్టుకుని వినే ప్లేయర్ల సౌండ్ 100 డెసిబెల్స్ దాటకూడదని ఫ్రాన్స్ 1990ల్లోనే చట్టం చేసింది. 2002లో ఐపాడ్ ఆ గీత దాటుతోందని తేలడంతో యాపిల్ అక్కడ అమ్మకాలు కొన్నాళ్లు ఆపి, సాఫ్ట్‌వేర్ మార్చి మళ్లీ మొదలుపెట్టింది. 2006లో ఐపాడ్‌కి ఇంకో అప్‌డేట్ వచ్చింది. ఎంతవరకు పెంచాలో మనమే నిర్ణయించి, పిల్లలు మార్చకుండా అంకెల తాళం వేసుకునే సదుపాయం అందులో ఇచ్చారు. ఇప్పుడు ఫోన్లలో కనిపించే సెట్టింగుకి అది పెద్దన్న లాంటిది.

2013 నుంచి యూరప్ అంతటికీ ఒకే పద్ధతి వచ్చింది. ప్లేయర్ మామూలుగా 85 డెసిబెల్స్ దగ్గర ఆగాలి. వినేవాళ్లు హెచ్చరిక చూసి ఒప్పుకుంటే 100 దాకా పోవచ్చు. ఇరవై గంటలు విన్నాక మళ్లీ అడగాలి. మీ ఫోన్ ఉన్నట్టుండి హెచ్చరిక పెట్టి సౌండ్ తగ్గించేసిందంటే చెడిపోయిందని కాదు, ఆ ఇరవై గంటల లెక్క పూర్తయిందని. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఆ అలవాటు మన దాకా కూడా వచ్చింది. ఆండ్రాయిడ్ 14 నుంచి ఎంత సౌండ్‌లో ఎంతసేపు విన్నామో కలిపి లెక్కగట్టే పద్ధతి కూడా చేరింది.

ఈ 85 అంకె ఊరికే పుట్టలేదు. ఫ్యాక్టరీ కార్మికుల వినికిడి మీద దశాబ్దాలుగా జరిగిన పరిశీలనల నుంచి వచ్చిన కొలత అది. అమెరికాలో పనిచోట్ల ఆరోగ్యం చూసే సంస్థ సలహా ప్రకారం 85 డెసిబెల్స్‌లో రోజుకి 8 గంటలు ఉండొచ్చు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ సమయం సగమవుతుంది. 88 అయితే 4 గంటలు, 91 అయితే 2 గంటలు, 94 అయితే గంట. 100 దగ్గర పావుగంటే. పాటలు వినేవాళ్ల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇంకా కిందికి దిగి, వారానికి 40 గంటలైతే 80 డెసిబెల్స్ అంది. పిల్లలకైతే 75.

దీన్ని మన దారికి అన్వయించుకుందాం. 2022 ఏప్రిల్‌లో తిరుపతి వేరే జిల్లా అయినా, రోజూ ఇక్కడి నుంచి చిత్తూరుకి డ్యూటీకి వెళ్లొచ్చేవాళ్లు ఉన్నారు. సుమారు డెబ్బై కిలోమీటర్లు. పోను రాను మూడు మూడున్నర గంటలు చెవిలో పాటే. వారానికి ఆరు రోజులు వేసుకుంటే ఇరవై గంటలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో సమయం సగమైతే 3 డెసిబెల్స్ ఎక్కువ వినొచ్చు కాబట్టి వీళ్లకి 83 దాకా పరవాలేదు. డీజిల్ బస్సు లోపల మోతే 75, 80 దాకా ఉంటుంది. దాని మీద పాట స్పష్టంగా వినపడాలంటే చెయ్యి తనకు తెలియకుండానే 90 వైపు పోతుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. లిమిట్ తీసేస్తే 90 కాస్తా 95 అవుతుంది, బస్సు మోత మాత్రం అలాగే ఉంటుంది.

మొదటి దారి: మోతని బయటే ఆపడం

నన్నడిగితే పదిమందిలో ఏడెనిమిది మందికి సరిపోయే దారి ఇదే. చెవి రంధ్రంలోకి దిగి మూసుకునే రబ్బరు మూతల ఇయర్‌ఫోన్ సరిగ్గా కూర్చుంటే బయటి మోతని 15, 20 డెసిబెల్స్ దాకా ఆపుతుంది. అంతకుముందు 90 పెడితే తప్ప వినపడనిది 75 దగ్గరే వినపడుతుంది. వెయ్యి రూపాయల లోపు వైరు రకాల్లోనే మంచివి దొరుకుతాయి. రంధ్రంలోకి దిగకుండా చెవి గుంటలో వేలాడే ప్లాస్టిక్ రకం ఎంత ఖరీదైనదైనా బస్సుకి పనికిరాదు. అది మోతని ఆపదు.

ఇక్కడ జనం వదిలేసే పని ఒకటుంది. డబ్బాలో చిన్నవి, మధ్యరకం, పెద్దవి అని మూడు జతల రబ్బరు మూతలు ఇస్తారు. చాలామంది కంపెనీ తగిలించి పంపిన మధ్యరకంతోనే సర్దుకుపోతారు. మన రెండు చెవులూ ఒకే కొలతలో ఉండాలని లేదు, ఎడమకి ఒకటీ కుడికి ఒకటీ పెట్టుకున్నా తప్పు లేదు. కుడి చెవికి పెట్టుకునేటప్పుడు ఎడమ చేత్తో తల వెనక నుంచి ఆ చెవిని కాస్త పైకి లాగి, రబ్బరు మూత అంచుని మాత్రం రవ్వంత తడిచేసి, తిప్పుతూ లోపలికి నెట్టి చెయ్యి వదిలేయండి. పాట పెట్టకుండానే నోరు మూసుకుని 'ఊఁ' అనండి. మీ గొంతు మీ తలలోనే గుమ్మని మోగితే మూత సరిగ్గా పడినట్టు. మామూలుగానే వినిపిస్తే ఎక్కడో సందుంది, మూత మార్చండి. ఆ సందు ఉన్నంత కాలం బేస్ అంతా కారిపోతుంది. సౌండ్ చాలట్లేదు అనే మాటకి సగం కారణం ఆ కారిపోయిన బేసే.

మోతని ఎదురు సౌండ్‌తో తగ్గించే నాయిస్ క్యాన్సిలింగ్ రకాలు ఇంకా మేలు చేస్తాయి. కాకపోతే అవి ఏకధాటిగా మోగే ఇంజన్ హోరునీ, ఏసీ గాలి చప్పుడునీ బాగా కొడతాయి గానీ హారన్లనీ, పక్క సీటాయన ఫోన్ మాటల్నీ అంతగా ఆపలేవు. రోజూ ప్రయాణం చేసేవాళ్లకైతే ఆ డబ్బు దండగ కాదు. పండక్కో పబ్బానికో రేణిగుంటలో రైలెక్కేవాళ్లకి రబ్బరు మూతలే చాలు.

బయటి మోతకీ వాల్యూమ్‌కీ ఉన్న లంకె చూడాలంటే తిరుమల కొండకి వెళ్లే బస్సులో కూర్చోండి. 2022లో అలిపిరి డిపోకి కరెంటు బస్సులు వచ్చాక ఘాట్ రోడ్డు మీద ఆ హోరు లేదు. పాత డీజిల్ బస్సులో పెట్టుకున్న వాల్యూమ్‌తోనే దీంట్లో కూర్చుంటే పాట చెవిలో అరుస్తున్నట్టుంటుంది. ప్లేయర్ అదే, పాట అదే.

ఒక్కచోట మాత్రం ఈ సలహా వద్దంటాను, కాలినడకన కొండెక్కేటప్పుడు. అలిపిరి దారిలో జింకల పార్కు దాటాక నడక రోడ్డు పక్కనే సాగుతుంది. పైగా 2023లో చిరుత భయంతో భక్తుల్ని గుంపులుగా పంపిన సంగతి అందరికీ గుర్తే. రెండు చెవులూ మూసుకుని నడిచే చోటు కాదది. కీర్తనలు వినకుండా ఉండలేమంటే చెవి మూయని రకం పెట్టుకోండి, లేదా ఒక్క చెవికే పెట్టుకోండి.

రెండో దారి: పాటని సరిచేయడం

మెమరీ కార్డులో పాత భక్తి పాటలు, హరికథలు, ప్రవచనాలు నింపుకుని వినేవాళ్లకి ఇది వరం. ఈ కాలం సినిమా పాటల్ని మొదటి నుంచి చివరిదాకా గట్టిగా ఉండేట్టు బిగించి వదులుతారు. పాత రికార్డింగులో ఆలాపన మెల్లగా మొదలై ఎక్కడో ఒకచోట పైకి లేస్తుంది, సగటు సౌండ్ తక్కువ. రెండూ ఒకే ఫోల్డర్‌లో ఉంటే అన్నమయ్య కీర్తన కోసం వాల్యూమ్ పెంచడం, వెంటనే వచ్చే ఐటం సాంగ్‌కి ఉలిక్కిపడి ఇయర్‌ఫోన్ పీకేయడం.

ఎంపీ3 ఫైళ్లకైతే ఎంపీ3గెయిన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. పాతదే గానీ పని గట్టిది. ఫైళ్లన్నిటినీ అందులో పడేస్తే ప్రతి పాట ఎంత గట్టిగా వినిపిస్తుందో అంచనా కట్టి, అన్నిటినీ ఒక మట్టానికి తెస్తుంది. అది మామూలుగా తీసుకునే మట్టం 89. ఒక్కో అడుగు 1.5 డెసిబెల్స్. పాటని విప్పి మళ్లీ కుదించదు, ఫైలులో సౌండ్ మట్టం రాసుండే అంకెని మాత్రమే మారుస్తుంది. అందుకని నాణ్యత పోదు, వద్దనుకుంటే వెనక్కి తిప్పుకోవచ్చు. ప్లేయర్ ఏదైనా ఫలితం కనిపిస్తుంది, పదేళ్ల నాటి చైనా ఎంపీ3 ప్లేయర్ అయినా సరే. పాత పాటలకి 92, 93 దాకా పెంచుకోవచ్చు. అంతకు మించి తోస్తే గొంతు పైస్థాయికి వెళ్లినప్పుడు బరబరమంటుంది. ఆ సాఫ్ట్‌వేరే అలాంటి పాటల పక్కన ఎర్రగా గుర్తు పెడుతుంది, అవి చూసుకుని తగ్గించండి.

ఫ్లాక్ లాంటి, ఎంపీ3 కాని పాటల ఫైళ్లకి రీప్లేగెయిన్ అనే పద్ధతి ఉంది. ఫైలుకి ఒక చీటీ తగిలించి 'ఇంత పెంచి వినిపించు' అని చెప్పడం లాంటిదది. ఆ చీటీ చదవగలిగే ప్లేయర్ ఉంటేనే లాభం. స్పాటిఫైలో వాల్యూమ్ లెవెల్ అని లౌడ్, నార్మల్, క్వయట్ ఉంటాయి. ఎప్పుడో క్వయట్‌లో పెట్టి మర్చిపోయి ఫోన్ మార్చేసినవాళ్లూ లేకపోలేదు.

బేస్‌నీ సన్నటి సౌండ్లనీ విడివిడిగా పెంచి తగ్గించే ఈక్వలైజర్ గురించి ఒక్క మాట. గొంతు వినపడట్లేదని అన్ని గీతలూ పైకి లేపితే సౌండ్ చిట్లిపోతుంది. బేస్ గీతని రవ్వంత కిందికి దించి, అప్పుడు వాల్యూమ్ పెంచుకోండి. గొంతు ముందుకొస్తుంది.

మూడో దారి: లిమిట్ తీసేయడం

పై రెండూ చేసి చూశాక కూడా నిశ్శబ్దమైన గదిలోనే సౌండ్ చాలకపోతే అప్పుడు ఇటు రండి. మెనూ పేర్లు మోడల్‌ని బట్టి కాస్త అటూ ఇటూ ఉంటాయి.

శాంసంగ్ ఫోన్లో సౌండ్స్ అండ్ వైబ్రేషన్, అందులో వాల్యూమ్, పై మూలనున్న మూడు చుక్కలు నొక్కితే మీడియా వాల్యూమ్ లిమిట్ కనిపిస్తుంది. ఎవరో ఆన్ చేసి ఉంటే ఆఫ్ చేయండి. ఐఫోన్‌లో సౌండ్స్ అండ్ హాప్టిక్స్, అందులో హెడ్‌ఫోన్ సేఫ్టీ. అక్కడ గట్టి సౌండ్‌ని తగ్గించే స్విచ్, దాని కింద 75 నుంచి 100 డెసిబెల్స్ దాకా జరిపే గీత ఉంటాయి. స్విచ్ ఆపేయకుండా గీతని 90 దగ్గర పెట్టుకోవడం నాకు నచ్చే పద్ధతి. సోనీ వాక్‌మన్ చాలా మోడళ్లలో ఏవీఎల్ఎస్ అనే నాలుగక్షరాలు కనిపిస్తాయి. సౌండ్ ఒక గీత దాటకుండా ఆపే ఏర్పాటు అదే. అది ఆన్‌లో ఉందని తెలియక ప్లేయర్ పాడైందనుకునేవాళ్లున్నారు.

పాత సాన్‌డిస్క్ సాన్సా క్లిప్ ఇంకా వాడేవాళ్లకి ఒక చిట్కా. మొదటిసారి ఆన్ చేసినప్పుడు అది మీ ప్రాంతం ఏదని అడుగుతుంది. అప్పుడు యూరప్ అని నొక్కి ఉంటే సౌండ్ బిగబట్టేస్తుంది. సిస్టమ్ సెట్టింగ్స్‌లో ఫ్యాక్టరీ రీసెట్ కొట్టి, ఈసారి రెస్ట్ ఆఫ్ వరల్డ్ ఎంచుకుంటే సరిపోతుంది. ఇండియాలో ఉన్న మనం ఎంచుకోవాల్సింది కూడా న్యాయంగా అదే, కాబట్టి ఇందులో దొంగతనమేమీ లేదు.

బ్లూటూత్‌ది వేరే గొడవ. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లకీ కొన్ని ఇయర్‌బడ్స్‌కీ మధ్య వాల్యూమ్ లెక్క కుదరక, ఫోన్లో నిండా చూపించినా చెవిలో సగమే వస్తుంది. ఫోన్ సెట్టింగుల్లో మామూలుగా దాగి ఉండే డెవలపర్ ఆప్షన్స్‌లో 'డిసేబుల్ అబ్సల్యూట్ వాల్యూమ్' అని ఉంటుంది. అది ఆన్ చేసి, బడ్స్‌ని ఒకసారి విడదీసి మళ్లీ కలిపితే ఫోన్ వాల్యూమ్, బడ్స్ వాల్యూమ్ వేరువేరుగా పనిచేస్తాయి. అది మార్చాక మొదటి పాట ఎప్పుడూ తక్కువ వాల్యూమ్‌లో మొదలుపెట్టండి, ఒక్కసారిగా గట్టిగా వచ్చి గుండె అదురుతుంది.

ఇక అసలు చిక్కు, బంధువులు యూరప్ నుంచి తెచ్చిన ప్లేయర్లు. వీటిలో కొన్నిటికి సెట్టింగుల్లో ఏ స్విచ్చూ ఉండదు, లిమిట్ లోపలి సాఫ్ట్‌వేర్‌లోనే ఉంటుంది. అమ్మిన దేశం కోడ్‌ని మార్చే పనిముట్లు ఇంటర్నెట్‌లో తిరుగుతుంటాయి. కొన్ని పాత ప్లేయర్లకి రాక్‌బాక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించుకోవచ్చు. రాక్‌బాక్స్ పేరున్నది, ఏళ్ల తరబడి చాలామంది వాడుతున్నది. మీ మోడల్ దాని జాబితాలో ఉంటే, చేతిపని మీద ఇష్టముంటే చేసుకోండి. దేశం కోడ్ మార్చే పనిముట్ల విషయంలో మాత్రం నేను వద్దనే అంటాను. మధ్యలో కరెంటు పోయినా, కేబుల్ కదిలినా ప్లేయర్ మళ్లీ లేవకపోవచ్చు. వారంటీ పోతుంది. తిరుపతిలో ఫోన్లు బాగుచేసేవాళ్లు వీధికొకరు ఉన్నారు గానీ ఇలా పడుకుండిపోయిన మ్యూజిక్ ప్లేయర్‌ని లేపేవాళ్లు దొరకడం కష్టం. ఆ తంటా కన్నా సెన్సిటివిటీ ఎక్కువున్న, అంటే తక్కువ కరెంటుకే గట్టిగా పలికే ఇయర్‌ఫోన్ కొనుక్కోవడం చవక.

నాలుగో దారి: డాంగిల్, యాంప్లిఫయర్

ఇయర్‌ఫోన్ డబ్బా మీద రెండు అంకెలు చూడండి. ఓమ్స్ అన్నది ఎంత కరెంటు లాక్కుంటుందో చెబుతుంది, మిల్లీవాట్‌కి ఇన్ని డెసిబెల్స్ అన్నది ఎంత గట్టిగా పలుకుతుందో చెబుతుంది. 32 ఓమ్స్, 100 డెసిబెల్స్ ఉన్న మామూలు ఇయర్‌ఫోన్‌కి అర వోల్టు ఇచ్చినా గరిష్ఠంగా 108, 109 దాకా పలుకుతుంది. చెవి పాడుచేసుకోవడానికి అది కావలసినంత. కాబట్టి మామూలు ఇయర్‌ఫోన్ పెట్టుకుని 'సౌండ్‌కి బలం పెంచే యాంప్లిఫయర్ కొనాలా' అని అడిగేవాళ్లకి నా జవాబు, అక్కర్లేదు. 250, 300 ఓమ్స్ ఉండే స్టూడియో రకం పెద్ద హెడ్‌ఫోన్లు వాడేవాళ్లకే దానితో పని.

ఇయర్‌ఫోన్ పెట్టుకునే 3.5 మిల్లీమీటర్ల రంధ్రం లేని ఫోన్లకి యాపిల్ వాళ్ల టైప్-సి డాంగిల్ చవకగా, శుభ్రంగా పలుకుతుంది. దాంట్లో రెండు రకాలున్న సంగతి చాలామందికి తెలియదు. అమెరికా రకం నిండు ఒక వోల్టు ఇస్తుంది, యూరప్ రకం అర వోల్టే. తేడా 6 డెసిబెల్స్. డబ్బా మీదా, తీగ మీదా సన్నటి అక్షరాల్లో మోడల్ నంబరు ఉంటుంది: ఏ2049 అంటే నిండుది, ఏ2155 అంటే సగానిది. ఇంకో మెలిక, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లకి తగిలిస్తే నిండుది కూడా మెల్లగానే పలుకుతుంది. డాంగిల్ లోపల తనకంటూ ఒక వాల్యూమ్ ఉంది, దాన్ని ఆండ్రాయిడ్ పైకి లేపదు. డబ్బులిచ్చి కొనే యూఎస్‌బీ ఆడియో ప్లేయర్ ప్రో లాంటి యాప్‌తో అది సర్దుకుంటుంది, ఆ యాప్‌లో పెట్టిన పాటలకి మాత్రమే. అంత ఖర్చు, తలనొప్పి వద్దనుకుంటే ఆండ్రాయిడ్ వాళ్లు వేరే కంపెనీ డాంగిల్ చూసుకోవడమే సుఖం.

పిలకాయల ఫోన్లకి తాళం వేయాలంటే

ఇది అడిగేవాళ్లు ఎక్కువగా తల్లులు. కోచింగ్ వీడియోలంటూ రోజంతా హెడ్‌ఫోన్ తియ్యరు, పిలిస్తే పలకరు, టెన్షన్ అంతా అమ్మలకి.

శాంసంగ్‌లో పైన చెప్పిన మీడియా వాల్యూమ్ లిమిట్‌కే పిన్ నంబరు పెట్టొచ్చు. ఐఫోన్‌లో 75 దగ్గర గీత పెట్టి, స్క్రీన్ టైమ్‌లోని ఆంక్షల్లో ఆ సెట్టింగ్ మార్చకుండా బిగించవచ్చు. ఇవి రెండూ నేను మనస్ఫూర్తిగా చెప్పేవి.

'పిల్లల కోసం 85 డెసిబెల్స్' అని రాసి అమ్మే హెడ్‌ఫోన్ల మీద నాకు అంత నమ్మకం లేదు. వైరు రకాల్లో ఎక్కువ వాటికి లోపల కరెంటుకి అడ్డుపడే రెసిస్టర్ అనే చిన్న ముక్క ఉంటుంది, అంతే. వచ్చే సౌండ్‌ని అది కొంత తగ్గిస్తుంది గానీ ఒక గీత దగ్గర ఆపదు. ఫోన్‌కి పెడితే 85 అన్నది, గట్టిగా తోసే ల్యాప్‌టాప్‌కో టీవీకో పెడితే పైకి పోతుంది. బ్లూటూత్ రకంలో యాంప్లిఫయర్ దాని లోపలే ఉంటుంది కాబట్టి కాస్త నయం. అయినా 85 అన్నది పెద్దవాళ్ల పనిచోటుకి వేసిన గీత, రోజంతా చదువుకునే పిల్లలకి కాదు. కొనేముందు మీ చెవికే పెట్టుకుని నిండు వాల్యూమ్‌లో వినండి, మీకే గట్టిగా అనిపిస్తే అక్కడే వదిలేయండి.

పెద్దవాళ్లు 'ఇంకా పెంచు' అంటుంటే

అమ్మమ్మ, తాతయ్యల విషయంలో లిమిట్ తీయడం కన్నా ముందు ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి ఆడియోమెట్రీ అనే వినికిడి పరీక్ష చేయించండి. గుబిలి గట్టిపడి చెవి మూసుకుపోయినా వినికిడి తగ్గుతుంది, దానికి చికిత్స చిన్నదే. ఒక చెవి బాగా తగ్గినవాళ్లకి ఫోన్ యాక్సెసిబిలిటీలో మోనో ఆడియో ఆన్ చేయండి. పాత స్టీరియో రికార్డింగుల్లో వాయిద్యం ఒక పక్క, గొంతు ఒక పక్క వస్తాయి. మోనో చేస్తే రెండూ బాగున్న చెవికే చేరతాయి. ఎడమ కుడి సౌండ్ మార్చుకునే బ్యాలెన్స్ గీత కూడా అక్కడే ఉంటుంది. వయసుతో పాటు ముందుగా పోయేది సన్నటి సౌండ్లు కాబట్టి, వాల్యూమ్ అలాగే ఉంచి ఈక్వలైజర్‌లో కుడివైపు గీతలు కొద్దిగా పెంచి చూడండి. మాట స్పష్టమవుతుంది, ప్రవచనాలు వినేవాళ్లకి ముఖ్యంగా.

కొత్తది కాక వాడినదేదైనా కొంటుంటే ఒక జాగ్రత్త. అమ్మేవాళ్లు 'ఫారిన్ పీస్' అని గొప్పగా చెబుతారు. ఏ దేశానిదో అడగండి, యూరప్‌ది అంటే మీ సొంత ఇయర్‌ఫోన్ పెట్టుకుని, మీ పాత పాట ఒకటి కార్డులో తీసుకెళ్లి, ఏవీఎల్ఎస్ లాంటివి ఆఫ్ చేయించి, షాపు షట్టరు లోపలికి నిలబడి వినండి. గాంధీ రోడ్డు ట్రాఫిక్ మధ్య వింటే ఏ ప్లేయర్ అయినా చాలనట్టే ఉంటుంది. లోపల నిలబడినా నిండు వాల్యూమ్‌లో గొంతు పలచగానే ఉంటే ధర ఎంత తగ్గించినా వద్దనండి, ఆ తాళం మీతో పాటే ఇంటికొస్తుంది.